మా ఉంగరం వాళ్ల దగ్గర, వాళ్ల ఉంగరం మా దగ్గర

ప్రశ్న: మాది హన్మకొండ. నాకు 26 ఏళ్లు. ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. హుజూరాబాద్ దగ్గరి అబ్బాయితో మాఘమాసంలో ఎంగేజ్‌మెంట్ అయింది. వాళ్లు నాకు అర తులం ఉంగరం, పట్టుచీర పెట్టారు. మావాళ్లు అబ్బాయికి తులం ఉంగరం, రెండు తులాల గొలుసు పెట్టారు. మాట్లాడుకున్న కట్నంలో మూడు లక్షలు మా బాపు పెద్దమనుషుల ముందే వాళ్ల నాన్న చేతికి నగదుగా ఇచ్చాడు. ఆ తర్వాత అబ్బాయి అవసరం ఉందంటే నేను ఫోన్‌పేలో విడతలుగా 1,40,000 పంపాను. లగ్గం నెల రోజులుందనగా, కాజీపేటలో మాకున్న ప్లాటు కూడా అబ్బాయి పేరు మీద రాయాలని కబురు పెట్టారు. దాంతో నేనే ఈ పెళ్లి వద్దన్నాను. ఇప్పుడు వాళ్లు, "మీరే కాదన్నరు, మీకు రూపాయి రాదు. మా ఉంగరం, చీర, మాకైన ఖర్చు లక్ష మీరే కట్టాలె" అంటున్నారు. మా మేనమామ చీటింగ్ కేసు పెడదామంటున్నాడు. కట్నం ఇచ్చామని చెప్తే మన మీదే కేసు అవుతుందని బాపు భయం. మళ్లీ సంబంధాలు రావని అమ్మ టెన్షన్. అసలు ఎవరి హక్కు ఎంత?
– పేరు రాయొద్దు, హన్మకొండ

సమాధానం: చెల్లీ, వాళ్ల ఉంగరం వాళ్లకు ముందు ఇచ్చెయ్. మిగతా లెక్కలన్నీ తర్వాత.

ఇందులో తగ్గడం ఏమీ లేదు. నువ్వు ఏ మాట మీద మూడు తులాలు అడగబోతున్నావో, అదే మాట మీద వాళ్లు అర తులం అడుగుతున్నారు. పెళ్లి కోసమని పెట్టాం, పెళ్లి లేదు, మాది మాకు ఇవ్వండి. ఈ న్యాయం ఇద్దరికీ ఒకటే. వాళ్లు ఇచ్చేదాకా మేమూ ఇవ్వం అని బిగబట్టుకుంటే, రేపు మీరు పంపే నోటీసుకు వాళ్ల జవాబులో మొదటి వాక్యం మీ వేలికున్న ఉంగరం గురించే ఉంటుంది. ఆ అవకాశం వాళ్లకెందుకు? "మేము ఇవ్వాల్సింది ఫలానా తేదీన ఇచ్చేశాం" అని మీ నోటీసులో రాయగలిగితే అర తులం విలువ కన్నా మీకు ఎక్కువే కలిసొస్తుంది.

ఎంగేజ్‌మెంట్ ఉంగరం ఎవరిదో చెప్పే సెక్షన్ మన చట్టాల్లో ఎక్కడా లేదు. నెట్‌లో వెతికితే కనబడేవి చాలావరకు వేరే దేశాల సంగతులు. ఇంగ్లండ్‌లో 1970 నాటి చట్టం ప్రకారం ఉంగరం పూర్తి బహుమతి కిందే లెక్క. పెళ్లి కాకపోతే తిరిగివ్వాలన్న షరతు మీదే ఇచ్చామని ఇచ్చినవాళ్లు రుజువు చేసుకోవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల కోర్టులు అందుకు ఎదురుగా, పెళ్లి జరిగితేనే ఆ కానుక సొంతమవుతుందని చెబుతాయి. అవి చదువుకుని మీ ఇంట్లో వాదించుకుంటే ఫలితం లేదు. మనకు పనికొచ్చేవి 1872 కాంట్రాక్టు చట్టం, 1882 ఆస్తి బదిలీ చట్టం. కానుక అంటే ప్రతిఫలం లేకుండా ఇష్టపడి ఇచ్చేది. చేతికిచ్చాక, అవతలివాళ్లు తీసుకున్నాక, మనసు మారిందని వెనక్కి అడగలేం. కానీ పీటల మీద కూర్చోబెట్టి, బంధువులందరి ముందు పెట్టిన బంగారం అలాంటి కానుక కాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏ కారణం కోసం ఇచ్చారో ఆ కారణమే లేకుండా పోయాక దాన్ని అట్టిపెట్టుకోవడానికి అవతలివాళ్లకు ఆధారం ఏముంటుంది? మీ లాయర్ నిలబడేది ఈ మాట మీదే.

"మీరే కాదన్నరు" అన్నది వాళ్ల దగ్గరున్న ఒకే ఒక్క వాదన. ఎంగేజ్‌మెంట్ అయినంత మాత్రాన పెళ్లి చేసుకోవాల్సిందేనని ఏ కోర్టూ బలవంతపెట్టదు. కాదనే హక్కు నీకుంది, అబ్బాయికీ ఉంది. కారణం లేకుండా మాట తప్పితే అవతలివాళ్లకైన నష్టం అడగడానికి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఉంది. నీ విషయంలో కారణం ఉంది, అది ప్లాటు. ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. యాజ్ఞవల్క్య స్మృతిలోనే దీని మీద శ్లోకం ఉంది. మాటిచ్చి పిల్లను ఇవ్వనన్నవాడు జరిమానాతో పాటు అవతలివాళ్ల ఖర్చు వడ్డీతో కట్టాలని, ఈలోపు పిల్ల చనిపోతే ఇరువైపుల ఖర్చు లెక్క తేల్చుకుని వరుడు తాను పెట్టినవి తీసుకుపోవచ్చని. దానికి మితాక్షర వ్యాఖ్యానం, సరైన కారణం ఉండి కాదంటే ఆ జరిమానా లేదంటుంది. మన ఊళ్లల్లో పెద్దమనుషులు ఇప్పటికీ "ఎవలు ముందు కాదన్నరు, ఎందుకు కాదన్నరు" అనే అడుగుతారు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పనిస్తే చాలు, మీరు గెలిచినట్టే.

ఆ కబురు ఎవరి ద్వారా వచ్చింది? ఫోన్‌లోనా, మధ్యవర్తి నోటనా, మెసేజ్‌లోనా? అది నువ్వు రాయలేదు. ఉన్నదేదైనా ఇప్పుడే భద్రం చెయ్. మధ్యవర్తి చెప్పి ఉంటే ఆయనే సాక్షి. రేపు ఆయన మాట మార్చకుండా, "మీరు ఫలానా రోజు ప్లాటు సంగతి చెప్పిపోయారు కదా, మేము ఆలోచించి వద్దనుకున్నాం" అని మర్యాదగానే ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టమని బాపుకు చెప్పు. ఆయన "అవును" అని ఒక్క ముక్క పెట్టినా చాలు.

ఇక బంగారం. ఇక్కడ గొడవలు ఎలా వస్తాయో కొంచెం వివరంగా చెప్పాలి. మొదటిది, ధర. ఎంగేజ్‌మెంట్ నాటి రేటుకు డబ్బు కట్టిస్తామంటారు. ఈమధ్య బంగారం పెరిగిన తీరు చూస్తే అది వాళ్లకు లాభమే. ఒప్పుకోవద్దు. మీరు ఇచ్చింది వస్తువు, అడగాల్సింది ఆ వస్తువునే. కోర్టుకు పోయినా సరే, ఫలానా వస్తువు అప్పగించండి, అది కుదరకపోతే ఇంత డబ్బు ఇవ్వండి అనే డిక్రీ వస్తుంది. రెండోది, మార్పిడి. ఇచ్చిన గొలుసు ఒకటి, తిరిగొచ్చేది ఒకటి. దీనికి మంచి విరుగుడు ఉంది. 2023 ఏప్రిల్ 1 తర్వాత షాపులో కొన్న హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు చెక్కి ఉంటుంది. ఉంగరానికైతే లోపలివైపు, గొలుసుకైతే కొక్కెం దగ్గర, భూతద్దం పెట్టి చూడాల్సినంత సన్నగా. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ రకం నగ, ఎంత స్వచ్ఛత, ఏ షాపు నమోదు చేయించింది అన్నీ కనబడతాయి. మీ బిల్లు తీసి, ఎంగేజ్‌మెంట్ ఫొటోల్లో దగ్గరగా తీసినవి వెతికి పక్కన పెట్టుకో.

నువ్వు ఉంగరం ఇచ్చేటప్పుడూ ఇదే పద్ధతి. ఇద్దరికీ తెలిసిన బంగారం షాపులోనో, పెద్దమనిషి ఇంట్లోనో తూకం వేయించు. తూకం స్క్రీన్ మీద అంకె కనబడేలా ఒక ఫొటో, హెచ్‌యూఐడీ కనబడేలా ఒక ఫొటో. ఒక కాగితం మీద "ఎంగేజ్‌మెంట్ నాడు పెట్టిన ఉంగరం, ఇన్ని గ్రాములు, ఈ తేదీన అందినది" అని రాసి అబ్బాయి తండ్రి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. సంతకం పెట్టనంటే ఉంగరం ఇవ్వకు. ఇస్తామన్నామని, రసీదు అడిగితే కాదన్నారని ఆ రోజే మెసేజ్ పెట్టు. చీర కూడా ఉంగరంతో పాటే పంపెయ్. కట్టిన చీరకు చట్టంలో పెద్ద లెక్కేమీ లేదు గానీ, వాళ్ల జాబితాలో ఒక పద్దు తగ్గుతుంది. పుట్టినరోజులకు, పండుగలకు ఒకరికొకరు ఇచ్చుకున్నవి ఉంటే మాత్రం ఎవరూ అడగొద్దు. అవి మామూలు కానుకలే. వాటిని పంచాయితీలోకి తెస్తే అసలు సంగతి పక్కకు పోతుంది.

మూడు లక్షల దగ్గర మీ బాపు భయం ఉత్తది కాదు. 1961 వరకట్న నిషేధ చట్టం 3వ సెక్షన్ ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. కనీసం ఐదేళ్ల జైలు, కనీసం 15,000 రూపాయలు లేదా కట్నమంత, ఏది ఎక్కువైతే అంత జరిమానా. ఇది చదివే చాలామంది తండ్రులు నోరు మూసుకుని కూర్చుంటారు. అవతలివాళ్లు దీని మీదే ధీమాగా ఉంటారు. కానీ అదే చట్టంలో 7వ సెక్షన్ మూడో ఉపవిభాగం కూడా చదవాలి. నేరం వల్ల నష్టపోయిన మనిషి ఇచ్చిన వాంగ్మూలాన్ని పట్టుకుని, ఆ మనిషి మీదే ఈ చట్టం కింద కేసు నడపకూడదని అందులో ఉంది. అడిగితే తప్పక ఇచ్చిన కుటుంబాలు నోరు విప్పాలనే అది పెట్టారు. అయినా బాపు ఎక్కడా సొంతంగా కాగితం రాసి సంతకం పెట్టొద్దు. "సంతోషంగా ఇచ్చాను" అనే మాటకూ, "అడిగితే ఇచ్చాను" అనే మాటకూ చాలా దూరం ఉంది. లాయర్‌ను పెట్టుకుని రాయించండి.

కట్నం ఒప్పందం చెల్లదని 5వ సెక్షన్ చెబుతోంది. అంటే మిగిలిన కట్నం ఇమ్మని వాళ్లు అడగలేరు. ఇచ్చింది తిరిగి అడిగితే, "చట్టవిరుద్ధంగా ఇచ్చిన డబ్బు కోర్టు ఎట్ల ఇప్పిస్తది" అని వాళ్ల లాయర్ అంటాడు. దానికి జవాబు 1882 ట్రస్టుల చట్టం 84వ సెక్షన్‌లో ఉంది. లాయర్లు కూడా దీన్ని అంతగా తిరగేయరు. చట్టవిరుద్ధమైన పని కోసం ఆస్తి ఇచ్చినా, ఆ పని జరగకుండా పోతే, లేదా ఇచ్చినవాడి తప్పు తీసుకున్నవాడి తప్పంత కాకపోతే, తీసుకున్నవాడు దాన్ని ఇచ్చినవాడి కోసమే పట్టుకుని ఉన్నట్టు లెక్క. మీ కేసుకు కొలిచి కుట్టినట్టు ఉంది ఆ సెక్షన్. నోటీసు రాసే లాయర్‌కు ఇది చూపించు.

పెళ్లే కాలేదు కాబట్టి కట్నం కేసు ఉండదని వాళ్లు అనొచ్చు. ఆ వాదన 1996లోనే అయిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు, పెళ్లికి ముందు కట్నం అడగడం కూడా నేరమేనని, ఆ తర్వాత పెళ్లి జరగకపోయినా అది నేరం కాకుండా పోదని చెప్పింది. కాబట్టి ప్లాటు అడగడం వరకట్న నిషేధ చట్టం 4వ సెక్షన్ కిందకు వస్తుంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష.

అయితే ఆ కేసు పెట్టే ముందు ఒక్క విషయం ఆలోచించుకోండి. కట్నం కేసు రాజీ కుదిరే కేసు కాదు. ఒకసారి ఎఫ్‌ఐఆర్ అయ్యాక, డబ్బులు ఇచ్చేశారు కదా అని స్టేషన్‌లోనో లోక్ అదాలత్‌లోనో మూసెయ్యలేరు. హైకోర్టు దాకా పోయి కొట్టివేయించుకోవాలి. నీకు కావాల్సింది వాళ్లకు శిక్ష పడటమైతే పెట్టు, నేను వద్దనను. బంగారం, డబ్బు తెచ్చుకుని నీ దారిన నువ్వు పోవడమైతే దాన్ని చివరికి ఉంచుకో. ఇంకోటి, "డబ్బు ఇవ్వకపోతే కట్నం కేసు పెడతాం" అని మెసేజ్‌లు పెట్టొద్దు. బెదిరించి డబ్బు గుంజుతున్నారని వాళ్లు ఎదురు తిరగడానికి అదే దొరుకుతుంది.

నువ్వు ఫోన్‌పేలో పంపిన 1,40,000 సంగతి వేరు. అది కట్నం కాదు, పెట్టుపోత కాదు. అప్పా, ఊరికే ఇచ్చావా అన్నదే ప్రశ్న. అబ్బాయి "వచ్చే నెల జీతం రాంగనే వేస్తా" లాంటి మాట చాట్‌లో ఎక్కడైనా అన్నాడా చూడు. ఒక్క మెసేజ్ దొరికినా అది అప్పే. దొరక్కపోయినా, కాబోయే భర్త అనే నమ్మకంతోనే ఇచ్చాను అనే వాదన ఉంటుంది, కొంచెం బలం తక్కువ. బ్యాంకు నుంచి ముద్ర వేసిన స్టేట్‌మెంట్ తీసుకో. ఫోన్ మార్చకు, చాట్ చెరిపెయ్యకు. స్క్రీన్‌షాట్‌లు మంచివే గానీ, కోర్టులో అడిగేది అసలు ఫోన్, దానితో పాటు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్. కోపంలో బ్లాక్ చేశావేమో, పరవాలేదు. పాత చాట్ ఉంటే చాలు.

ఖర్చుల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఎంగేజ్‌మెంట్ భోజనాలు, ఫొటోగ్రాఫర్, ఫంక్షన్ హాల్ అడ్వాన్స్, వాటిని నష్టపరిహారంగా అడగొచ్చు. బిల్లులుంటే నోటీసులో రాయించు. వాళ్లు అడిగే లక్షకు ఎదురుగా నిలబెట్టడానికి పనికొస్తాయి. చివరికి ఎక్కువసార్లు జరిగేది, ఎవరి ఖర్చు వాళ్లు భరించడమే. నేనైతే దానికి ఒప్పుకోమనే చెబుతా.

మేనమామ చెప్పే చీటింగ్ కేసు, అంటే భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్. అది నిలబడాలంటే మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. ఇదే అబ్బాయి ఇంకో రెండు చోట్ల కూడా ఇలాగే ఎంగేజ్‌మెంట్ చేసుకుని డబ్బు తీసుకున్నాడని తెలిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. మధ్యలో ఆశ పెరిగి ప్లాటు అడిగినవాళ్ల మీద ఆ సెక్షన్ బలహీనం. డబ్బు వసూళ్లకు పోలీస్ స్టేషన్‌ను వాడొద్దని, సివిల్ తగాదాకు క్రిమినల్ రంగు పూయొద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. స్టేషన్‌లో పిలిచి గట్టిగా మాట్లాడితే ఇచ్చేస్తారనే నమ్మకం మన దగ్గర బాగా ఉంది. కొన్నిసార్లు ఇస్తారు కూడా. ఇవ్వకపోతే, స్టేషన్ చుట్టూ తిరిగిన నెలలన్నీ వృథా.

దారి ఏమిటంటే, ముందు ఆ మూడు లక్షలు ఇచ్చేటప్పుడు కూర్చున్న పెద్దమనుషుల్నే మళ్లీ కూర్చోబెట్టండి. కొత్తవాళ్లను పిలవొద్దు. ఇచ్చింది కళ్లారా చూసినవాళ్లు వాళ్లే, కోర్టుకు పోతే సాక్షులూ వాళ్లే. అక్కడ తేలకపోతే లాయర్ నోటీసు, పదిహేను రోజుల గడువుతో. తర్వాత హన్మకొండలో అదాలత్ అనే సెంటర్ దగ్గర కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, వాళ్ల ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. జీతం ఉంది కదా నాకు ఇవ్వరేమో అనుకోకు. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అడుగు. కోర్టు ఫీజు ఉండదు. రెండు వైపులా ఒప్పుకుని అవార్డు, అంటే రాజీ తీర్పు, రాస్తే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అక్కడా వాళ్లు రాకపోతే సివిల్ దావా. ఎంగేజ్‌మెంట్ హన్మకొండలోనే జరిగి ఉంటే ఇక్కడే వేయొచ్చు, వాళ్ల ఊరు తిరగక్కర్లేదు. గడువు మూడేళ్లు. కట్నానికి, బంగారానికి పెళ్లి ఆగిపోయిన రోజు నుంచి లెక్క వస్తుంది గానీ, అప్పుగా పంపిన డబ్బుకు పంపిన రోజు నుంచే మొదలవుతుంది. నీ మొదటి ఫోన్‌పే తేదీని గడువుగా గుర్తు పెట్టుకో.

మీ అమ్మ టెన్షన్ గురించి నేను చట్టం చెప్పలేను. ఒకటి మాత్రం చెబుతా. సంబంధం చెడిపోయిందన్న మాట ఊళ్లో ఎప్పుడో తిరిగింది. ఎందుకు చెడిపోయిందన్నది వాళ్లు ఒక రకంగా చెప్పుకుంటున్నారు, మీరు మాట్లాడకపోతే అదే నిలుస్తుంది. ప్లాటు అడిగారు, మేము కాదన్నాం అని అడిగినవాళ్లకు చెప్పడానికి మీ అమ్మకు సిగ్గెందుకు?

పెద్దమనుషుల దగ్గర తేలితే, వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాసుకుంటారు. మొత్తం ఒకేసారి ఇవ్వలేమంటే చెక్కు తీసుకోండి, తేదీ వేసి. అది బౌన్స్ అయితే, బ్యాంకు ఆ సంగతి చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, వాళ్లకు 15 రోజులు టైమ్, అప్పటికీ కట్టకపోతే నెల లోపు చెక్ బౌన్స్ కేసు. ఆ బాండ్ పేపర్ చివర్లో "ఇరువైపులా ఎవరికి ఎవరూ ఏమీ బాకీ లేరు" అనే లైను రాస్తారు, అలవాటుగా. బంగారం తూకం వేసి చేతికి వచ్చి, చెక్కు డబ్బు మీ బాపు ఖాతాలో పడేదాకా ఆ లైను ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఇప్పుడే పెట్టాలంటే, "చెక్కు పాసైన తర్వాత" అని ఆ లైనులోనే చేర్పించి, పక్కన ఇద్దరి చేతా సంతకం చేయించు.